రోజుకు పది మాటలు

నక్కలదిన్నె గ్రామంలో ఒక్కో ఇంటి నుంచి రోజుకు పది మాటలే బయటికి వెళ్తాయి; పదకొండో మాట మర్నాటి దాకా ఆగాలి. వెళ్లిన మాటకైనా ఎదుటివాళ్ల చెవికి చేరడానికి ఒక రాత్రి పడుతుంది. రెండున్నరేళ్ల కిందట ఊరికి ఇంటర్నెట్ లైను వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. మొదట్లో కొంత గందరగోళం జరిగింది గానీ ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. శుక్రవారం బస్సు ఎక్కాల్సినవాళ్లు "ఆపండి, ఆపండి" అని మంగళవారమే అనేసి ఉంచుకుంటారు. పక్కింటావిడ దగ్గర తోడు కావాలంటే గేదె ఈనకముందే అడుగుతారు. గట్టు దగ్గర తగాదాపడ్డ ఇద్దరు రైతులు తర్వాత రాజీకొచ్చి, పిల్లల పెళ్లి చేసి వియ్యంకులయ్యారు. అయితే వెనకటి తిట్లు సరిగ్గా ముహూర్తం వేళకు వచ్చి చేరడంతో అక్షింతలు చేతిలో పట్టుకునే మళ్లీ కలబడ్డారు.

బయటి నుంచి ఊళ్లోకి వచ్చే మాటలకు మాత్రం ఏ అడ్డూ లేదు. ఎరువుల కంపెనీ ఆటో మైకు, మండలాఫీసు చాటింపు, టీవీలో నాయకుల ఉపన్యాసాలు అన్నీ అన్న క్షణంలోనే చెవిలో పడతాయి. తలుపులు మూసుకున్నా పడతాయి, చెవుల్లో దూది పెట్టుకున్నా పడతాయి. ఆ వేగం వంద అని పంచాయతీ ఆఫీసు గోడ మీద నీలిరంగుతో రాయించారు. వంద ఏమిటో రాయలేదు గానీ, వంద అంటే పెద్దదే కాబట్టి ఊరు సంతోషించింది.

ఇందులో కంపెనీని తప్పుపట్టడానికి లేదు. లైను వేసే ముందు వాళ్ల మనిషి గ్రామసభకు వచ్చి సంగతంతా విడమరిచి చెప్పాడు. లైను ఒక కాలువలాంటిది, దాని వెడల్పు ఇంతే, అందులో వచ్చేదానికి ఎంత, పోయేదానికి ఎంత అన్నది ఊరే తేల్చుకోవాలి అన్నాడు. సర్పంచి కాశిరెడ్డి లేచి నిలబడ్డాడు. "మనం పైకి చెప్పేదేముందయ్యా? చెప్పినా వినేదెవరు? అంతా వచ్చేదానికే ఇచ్చెయ్. పోయేదానికి ఏదో కాస్త, శకునానికి ఉంచు," అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఏడో నంబరు తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మనిషి నోటికీ మనిషి చెవికీ మధ్య ఉండే గాలిని కంపెనీకి లీజుకు ఇస్తున్నట్టు అదే తీర్మానంలో మూడో షరతు ఉంది. దాన్ని కార్యదర్శి చదివి వినిపించాడు కూడా. అప్పటికే టీలు వచ్చేశాయి.

ఇంటి గోడల మధ్య గాలి మాత్రం ఇంటివాళ్లదే. రేషన్ కార్డులో పేర్లున్నవాళ్లు లోపల ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, పోట్లాడుకోవచ్చు. కార్డులో పేరు లేనివాడు నట్టింట్లో కూర్చుని మాట్లాడినా అది బయటి మాటే. ఎవరింట్లోనైనా అప్పటికప్పుడు మాట్లాడగలిగేది లైన్‌మన్ కరీముల్లా ఒక్కడే. అతనిది మండల కేంద్రం, నలభై దాటిన మనిషి, మెడలో కంపెనీ బిళ్ళ ఉంటుంది. అది ఉన్నంతసేపు అతనితో మాట్లాడింది లెక్కలోకి రాదు. అందుకే లైను బాగున్నా బాగాలేదని గోడ పెట్టె మీది ఫిర్యాదు మీట నొక్కి, అతన్ని పిలిపించుకుని గంటసేపు కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు.

మాలకొండమ్మ ఇంట్లో లైను ఆమె భర్త చెంచయ్య పేరు మీద ఉండేది. చెంచయ్య మాటల పోగు. రోజుకు పది మాటలంటే ఆయనకు పళ్లు తోముకునేలోపే అయిపోయేవి. మేకలతో మాట్లాడేవాడు, మోటారుతో మాట్లాడేవాడు, దారినపోయేవాణ్ణి ఆపి వాడికి వినపడదని తెలిసీ మాట్లాడేవాడు. మాటలన్నీ వరుసలో పేరుకుపోయేవి. "ఏమయ్యా, కాస్త పొదుపుగా మాట్లాడొచ్చు గదా, నేనెవరితోనన్నా ఒక ముక్క అందామంటే చోటుండదే," అని మాలకొండమ్మ ఇంట్లో దెబ్బలాడేది. లైను ఇంటికంతటికీ ఒక్కటే, ముందన్నది ముందు పోతుంది.

చైత్రమాసంలో ఒక మధ్యాహ్నం చెంచయ్య నిమ్మతోటకు నీళ్లు పెట్టడానికి వెళ్లి, ఎండదెబ్బకు చెట్టు కింద కూలబడ్డాడు. పక్క చేలో ఉన్న పెంచలయ్య చూసి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి ఇంకా ఊపిరుంది, పెదవులు కదులుతున్నాయి. ఏమన్నాడో పెంచలయ్యకు తెలియలేదు; కాసేపటికి ప్రాణం పోయింది. "ఊరివైపు తిరిగి ఏందో అన్నాడమ్మా, నిన్నే పిలిచినట్టుంది," అని పెంచలయ్య మాలకొండమ్మ ఎదురుగా నిలబడి చెప్పాడు గానీ, ఆ మాటలు దినం భోజనాలు అయిపోయిన మర్నాడు ఆమెకు చేరాయి.

మనిషి పోయినా మాటల వరుస పోదు. కంపెనీకి లెక్క లెక్కే. చెంచయ్య మాటలు రోజుకు పది చొప్పున వస్తూనే ఉన్నాయి. మాఘమాసంలో అన్నవి జ్యేష్ఠంలో వచ్చాయి. పొద్దున్నే మేక చెవులు నిక్కించి తోటవైపు తల తిప్పితే, ఆ రోజు మాటలు దానికి వచ్చాయని మాలకొండమ్మకు తెలిసేది. ఒకరోజు పెంచలయ్య బీడీ తీసుకుని, లేని మనిషికి నిప్పందించడానికి చెయ్యి చాపి, తర్వాత నాలుక కరుచుకుని వెనక్కి తీసుకున్నాడు. కొన్ని ఆమెకూ వచ్చేవి. "మాలకొండా, సద్దిలో ఉల్లిపాయ మరిచావే," అని ఒకనాడు వచ్చింది. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఆ ఒక్క మాట మీద పూటంతా ఏడ్చింది. మర్నాడు మళ్లీ వాకిట్లో కూర్చుని ఎదురుచూసింది. భర్త పోయిన దుఃఖం ఊళ్లో తక్కిన ఆడవాళ్లకు ఒక్కసారి వచ్చి పడితే, ఆమెకు వాయిదాల మీద వస్తోంది. ఆ చివరి మాట కూడా వరుసలోనే ఉంది, ఏదో ఒక రోజు వస్తుంది. ఆమె దానికోసమే తెల్లారగట్ల లేచేది.

ఆషాఢం మొదటి వారంలో మండలాఫీసు చాటింపు ఆమె చెవిలో పడింది. తహసీల్దారు మండల కేంద్రంలో నోరు తెరిచీ తెరవకముందే పడింది. నక్కలదిన్నెకు వచ్చే వేగాన్ని వంద నుంచి రెండొందలు చేయడానికి ఒక వేగ కేంద్రం కడుతున్నారట. అందుకు సర్వే నంబరు నూటపన్నెండులో అరవై సెంట్లు తీసుకుంటారట. అభ్యంతరాలుంటే పదిహేనో రోజున జరిగే సభకు తమ సొంత గొంతుతో చెప్పుకోవాలి. లైను వచ్చింది కాబట్టి కాగితాలు తీసుకోవడం మానేశారు. గడువులోగా ఏ మాటా వినపడకపోతే ఒప్పుకున్నట్టే.

నూటపన్నెండులో అరవై సెంట్లంటే మాలకొండమ్మ నిమ్మతోట. నలభై రెండు చెట్లు. మూడు వేసవులు మొగుడూ పెళ్లామూ బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్నవి. ఆమెకున్న ఆధారమంతా అదే. చాటింపు వినగానే వాకిట్లోకి వచ్చి "ఇవ్వను" అంది. ఎదురింటి అరుగు మీదవాళ్లు ఆమె పెదవులు కదలడం చూసి, ఏదో అంటోందిలే అనుకున్నారు.

మూడో రోజు కరీముల్లా వచ్చి గోడకున్న పెట్టె తెరిచి చూశాడు.

"పెద్దాయనవి నాలుగొందల పన్నెండు మాటలున్నయ్ పెద్దమ్మా. వాటి వెనక నువ్వన్నదొకటుంది. వాన పడకుంటే నలభై రెండు రోజులు పట్టిద్ది."

"సభ ఇంక పన్నెండు రోజులే గదా నాయనా."

"పన్నెండే."

"నా మాట ముందుకు తొయ్యలేవా?"

"ఆ వసతి ఆఫీసులకే ఉంది. మనకి లేదు."

"నువ్వే చెప్పగూడదా, ఆమె ఇవ్వనంది అని?"

"గొంతు సరిపోవాల పెద్దమ్మా. నా గొంతు నీ గొంతు కాదుగా."

"పోనీ ఆ తహసీల్దారు సారునే ఒకసారి మా ఇంట్లోకి రమ్మంటే?"

"వచ్చినా లాభం లేదు. సారు పేరు మీ రేషన్ కార్డులో ఉండదు," అన్నాడు కరీముల్లా. తర్వాత గోడవైపు చూస్తూ చెప్పాడు. "ఒకటే దారి. పెద్దాయన మాటలు రద్దు చేయించుకోవాల. అప్పుడు వరుస ఖాళీ అయిద్ది. మళ్లీ అంటే నీ మాటే ముందు పోద్ది."

ఆమె పెట్టె మీద చెయ్యి వేసింది. "అన్నీ పోతాయా?"

"అన్నీ."

"చిట్టచివరి ఒక్కటుంచి, మిగతావి తీసెయ్ నాయనా. మేకలయి, మోటారుయి, అయ్యి పోతే పోనీ."

"ఏది ఎవరిదో మాకు కనపడదు పెద్దమ్మా. ఎన్నున్నయ్యో తెలుస్తది గానీ ఏమున్నయ్యో తెలవదు. తీస్తే మొత్తం తీయాల, లేకుంటే మొత్తం ఉంచాల."

ఆమె ఆ రోజు ఏ సంగతీ చెప్పలేదు. తర్వాత నాలుగు రోజులూ చెప్పలేదు. రోజూ వచ్చే పది మాటల కోసం వాకిట్లో కూర్చుంది. నాలుగు రోజుల్లో నలభై మాటలు వచ్చాయి. అందులో ఇరవైకి పైగా మేకకే. తనకు వచ్చినవి రెండు. ఒకటి "వస్తన్నా", రెండోది "వస్తన్నాలే". రద్దు చేస్తే తోట నిలుస్తుందేమో గానీ, ఆయన తనను పిలిచాడో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. చేయకపోతే పిలుపు వస్తుంది, అప్పటికి కొట్టేసిన చెట్ల మధ్య నిలబడి దాన్ని వినాలి. ఈ లెక్క ఎటు తిప్పినా ఆమెకు తెగలేదు. తోటకు వెళ్లి ప్రతి చెట్టు మొదట్లోనూ చెయ్యి పెట్టి తడి చూసింది. రెండు చెట్లకు నీళ్లు అందలేదు. పాదులు చేసి నీళ్లు పెట్టి ఇంటికి వచ్చి, ఫిర్యాదు మీట నొక్కి కరీముల్లాను పిలిపించింది.

రద్దుకు చెంచయ్య సంతకం కావాలి, లైను ఆయన పేరు మీద ఉంది గనక. ఆయన లేడని రుజువు చేయడానికి మరణ ధ్రువపత్రం కావాలి. అది బయటి నుంచి రావాల్సిన కాగితం కాబట్టి పది నిమిషాల్లో వచ్చేసింది. కరీముల్లా చేతిలో ఉన్న యంత్రం మీద "ఖాయంగా రద్దు చేయమంటారా?" అని అక్షరాలు వెలిగాయి. మాలకొండమ్మకు చదువు రాదు. అతనే చదివి చెప్పాడు.

"మీ ఇంట్లో ఇట్టాంటిది జరిగితే నువ్వేం చేసేవాడివి నాయనా?" అని ఆమె అడిగింది.

"నన్నడక్కు పెద్దమ్మా," అన్నాడు కరీముల్లా.

ఆమె బొటనవేలు నొక్కింది. రద్దు కావడం కూడా వచ్చేదాని కిందే లెక్క. రెప్పపాటులో అయిపోయింది. మర్నాటి పొద్దున మేక చాలాసేపు తోటవైపు చూసి, తర్వాత మేతకు తల వంచుకుంది. మాలకొండమ్మ ఆ రోజు వాకిట్లోకి రాలేదు.

వరుసతో పాటు ఆమె అన్న "ఇవ్వను" కూడా పోయింది. ఇప్పుడు కొత్తగా అనాలి. ఒక రోజు కోటా పది మాటలు కాబట్టి ఒక్కటే ఎందుకు, పదీ వాడుకోమని కరీముల్లా సలహా ఇచ్చాడు. ఇద్దరూ నట్టింట్లో కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పేర్చారు. తొమ్మిది కుదిరాయి. పదోది "అయ్యా" అని పెట్టాలని ఆమె పట్టుబట్టింది. దాని బదులు మూడు వేసవులనో, ఒంటరిదాన్ననో పెట్టమని అతను ఎంత చెప్పినా వినలేదు. పెద్దమనుషులతో అట్టా మొండిగా అనడం బాగుండదంది. సభ ముందు రోజు సాయంత్రం వాకిట్లో నిలబడి, మండల కేంద్రం వైపు తిరిగి, ఆ పది మాటలూ మెల్లగా, స్పష్టంగా అంది. చీకటి పడ్డాక పక్కింటి గేదె గడ్డివాములో దూరింది. మాటలు అయిపోయాయి గనక కర్ర తీసుకుని నోరు మెదపకుండా తోలింది.

పదిహేనో రోజు పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. తహసీల్దారు జీపులో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఊరంతా వచ్చింది. పదీ నలభైకి సభ మధ్యలో మాలకొండమ్మ గొంతు వినిపించింది. ఆమె ముందు వరసలో నోరు మూసుకుని కూర్చుని ఉంది.

"నేను మా నిమ్మతోట ఇవ్వను. దాని మీదే బతుకుతున్నా. చెట్లు కొట్టొద్దు అయ్యా."

సభలో ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. సర్పంచి కాశిరెడ్డి తల దించుకున్నాడు. తహసీల్దారు మాటలన్నీ పూర్తయ్యేదాకా చెయ్యెత్తి అందరినీ కదలకుండా ఉంచి, శ్రద్ధగా విన్నాడు. తర్వాత కలం తీసి రిజిస్టరులో రాసుకున్నాడు. ఆ మనిషిలో వెటకారం ఏ కోశానా లేదు. ఇది ఒప్పుకుని తీరాలి.

"మండలంలో ముప్పై ఒక్క గ్రామాలున్నయ్. గడువులోపల గొంతు వినిపించిన మొట్టమొదటి మహిళ ఈమె. చాలా సంతోషం," అన్నాడు. కార్యదర్శి చేత శాలువా తెప్పించి మాలకొండమ్మకు కప్పాడు. ఫొటో తీశారు. తర్వాత రిజిస్టరు చూసి చదివాడు. "అభ్యంతరం వినడమైనది. నమోదు చేయడమైనది. తిరస్కరించడమైనది."

ఆ మూడూ వచ్చే మాటలు కనుక ఆయన పెదవుల మీద ఉండగానే ఆమె చెవిలో పడ్డాయి.

తహసీల్దారు కాక అక్కడ వెంటనే నోరు విప్పగలిగిన మనిషి కరీముల్లా ఒక్కడే. అతను స్తంభం పక్క నుంచి ముందుకు వచ్చాడు. "సార్, విన్నారు గదా. మరి తోట?"

"రూల్లో అభ్యంతరం వినాలని ఉంది. విన్నాం," అన్నాడు తహసీల్దారు. "విని ఒప్పుకోవాలని ఎక్కడుందో చూపించు, ఇప్పుడే రద్దు చేస్తా."

కరీముల్లా చూపించలేకపోయాడు. ఎక్కడా లేదు. మాలకొండమ్మ లేచి అతని దగ్గరికి వచ్చి, అతని మెడలోని బిళ్ళను చేత్తో పట్టుకుని అడిగింది. "రద్దు చేసినయ్యి మళ్లీ వస్తయ్యా నాయనా?"

"రావు పెద్దమ్మా."

ఆమె బిళ్ళ వదిలేసింది. షామియానా దాటి ఎండలోకి వెళ్లి, సభకు వీపు పెట్టి, తోట ఉన్న దిక్కుకు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. చేతులు ఊపింది, ఒకసారి నవ్వినట్టు కూడా కనిపించింది, ఆ తర్వాత గుండె మీద కొట్టుకుంది. సభకు చినుకంత చప్పుడు కూడా రాలేదు. ఆ మాటలు తహసీల్దారుకో, ఊరికో, చెట్లకో, చెంచయ్యకో ఎవరికీ తెలియదు. కరీముల్లా ఆమె ఇంటికి వెళ్లి పెట్టె తెరిచి చూసి వచ్చాడు. నాలుగొందల ముప్పై ఉన్నాయి, ఇంకా పెరుగుతున్నాయి.

"ఎప్పటికి చేరతయ్?" అని తహసీల్దారు అడిగాడు.

"నలభై మూడు రోజులు పట్టిద్ది సార్."

తహసీల్దారు క్యాలెండరు తెప్పించుకుని వేగ కేంద్రం ప్రారంభోత్సవాన్ని నలభయ్యో రోజుకు ఖాయం చేశాడు. ఎందుకైనా మంచిదని చెట్లు కొట్టే పని మర్నాటి నుంచే పెట్టుకోమన్నాడు. ఇందుకు సభ ఆమోదమేనా అని మైకులో మూడుసార్లు అడిగాడు. ముందు వరసల్లో చాలామంది లేచి నిలబడ్డారు, చాలామంది పెదవులు కదిలాయి, పెంచలయ్య మెడనరాలు ఉబ్బేలా ఏదో అరిచాడు. తహసీల్దారు చేతి గడియారం చూసుకుంటూ పూర్తిగా ఒక నిమిషం ఆగాడు. ఏమీ వినపడలేదు. ఏకగ్రీవం అని రాసి, కింద సంతకం పెట్టి, జీపెక్కాడు.